ఆకు వేరు, పువ్వు వేరు: బెంగళూరులో గంజాయి, చట్టం

బెంగళూరు వీధుల్లో గంజాయికి ‘సొప్పు’ అని మారుపేరు. కన్నడంలో సొప్పు అంటే ఆకు. కొత్తంబరి సొప్పు కొత్తిమీర, నుగ్గె సొప్పు మునగాకు. గంజాయి మొక్కకు ‘భంగి సొప్పు’ అనే పేరు అంతకన్నా పాతది. జనం మాటలో మత్తంతా ఆకులోనే ఉంది. చట్టం మాట వేరు. ఎన్డీపీఎస్ అని పొడి అక్షరాలతో పిలిచే 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత కొనలు, కాయ కొనలు మాత్రమే. కొనలతో కలవని ఆకు, గింజ గంజాయి కిందకు రావు. ఆకుకు ఒక లెక్క, పువ్వుకు ఇంకో లెక్క. నిషేధమా, అనుమతా అన్న వాదన ఈ నగరంలో ఎన్ని మలుపులు తిరిగినా చివరికి ఈ గీత దగ్గరికే వచ్చి ఆగుతుంది.

మొక్క ఒకటి, సరుకులు మూడు

గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం ఆడ మొక్క పూత కొనల మీద పట్టే జిగురులో ఎక్కువగా, ఆకులో తక్కువగా ఉంటుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫేల్ మెషూలమ్, యెహియెల్ గావొని 1964లో ఈ పదార్థాన్ని వేరుచేసి చూపారు. సాగుదారులకు ఆ కిటుకు అంతకు చాలా ముందే తెలుసు. మగ మొక్కలను పూయకముందే ఏరి పీకేస్తే ఆడ మొక్కకు గింజ పట్టదు, పూత కొన జిగురుతో బరువెక్కుతుంది. ఆ కొనలను కోసి, ఎండబెట్టి, తొక్కి అదిమితే గంజాయి. పచ్చి పూతను అరచేతుల మధ్య రుద్ది ఆ జిగురునే తీస్తే చరస్. ఆకును మిరియాలతో, సోంపుతో, గసగసాలతో కలిపి మెత్తగా నూరి, పాలూ చక్కెరా పోసి గుడ్డలో వడకడితే భాంగు. చిలుంలో పెట్టి పీల్చేది పువ్వు, లోటాలో పోసుకుని తాగేది ఆకు.

భాంగు ఎక్కువగా ఉత్తరాది ఆచారం. శివరాత్రికి, హోలీకి దాని గిరాకీ. గంజాయి అలవాటు దక్షిణాదిలో సాధువుల, బైరాగుల, కష్టజీవుల చుట్టూ తిరిగింది. ఉత్తర కర్ణాటకలో ఆ ఛాయలు నేటికీ ఉన్నాయి. యాద్గిర్ జిల్లా సురపుర తాలూకాలో కృష్ణ ఒడ్డున ఉన్న తింథిణి మౌనేశ్వర ఆలయంలో జాతర సమయాన గంజాయిని చిన్న పొట్లాలుగా ప్రసాదంలా పంచే ఆచారం ఉంది. శరణ, అవధూత, ఆరూఢ, శపథ సంప్రదాయాల వారిలో కొందరు దాన్ని ధ్యానానికి సాయమని నమ్ముతారు. అదే పదార్థం గృహస్థుల లోకంలో చెడుకు మారుపేరు. ‘గంజాయివనంలో తులసి మొక్క’ అన్న తెలుగు నానుడి ఆ చిన్నచూపు ఎంత పాతదో చెబుతుంది. ఒకరికి ప్రసాదం, మరొకరికి పాడుమొక్క. చట్టం ఈ రెండింటికీ మధ్యన పుట్టింది.

అబ్కారీ రోజులు

బ్రిటిషు పాలనలో గంజాయి నేరం కాదు, రాబడి. సారా, కల్లు, నల్లమందు, గంజాయి నాలుగూ అబ్కారీ శాఖ పద్దులోనే ఉండేవి. దుకాణం పెట్టే హక్కును వేలం వేసి, ఎక్కువ పాడిన గుత్తేదారుకు ఇచ్చేవారు. సాగుకు లైసెన్సు, నిల్వకు సర్కారు గోదాము, అమ్మకానికి సుంకం. ఎవరు తాగారన్నది ప్రభుత్వానికి పట్టలేదు. సుంకం కట్టని సరుకు అమ్ముడుపోతేనే అది నేరం. ‘దొంగ’ అనే విశేషణం సరుకుకు వచ్చింది మత్తు వల్ల కాదు, పన్ను ఎగవేత వల్ల. దొంగసారా అన్న మాట పుట్టింది అక్కడే.

మద్రాసు ప్రెసిడెన్సీలో లైసెన్సు మీద గంజాయి పండించిన పేరున్న ప్రాంతాల్లో ఒకటి తెలుగునేల మీదే ఉంది. అది బాపట్ల ప్రాంతంలోని సంతరావూరు. రెండోది ఉత్తర ఆర్కాటు వైపు జవ్వాది కొండలు. రైతు పండించిన పంట సర్కారు గోదాముకు చేరి, తూకమై, సుంకం కట్టాకే దుకాణానికి కదిలేది. పొగాకు, మిరప పండే ఊళ్ల సరసన ఇదీ ఒక వాణిజ్య పంట.

బెంగళూరు ఆ కాలంలో రెండు ఊళ్లు. మైసూరు సంస్థానం కింద పాత పేట ఒకటి, 1809లో సైన్యం కోసం వెలసిన కంటోన్మెంటు రెండోది. 1881లో రాజ్యం తిరిగి ఒడెయార్ల చేతికి వచ్చినా కంటోన్మెంటు మాత్రం 1947 దాకా బ్రిటిషు రెసిడెంటు పాలనలోనే ఉంది. సిపాయిల ఊరు కావడంతో మద్యం వ్యాపారం ఇక్కడ ముందే వేళ్లూనుకుంది. థామస్ లీష్‌మన్ 1915లో దక్షిణాది బీరు కర్మాగారాలు కొన్నింటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ నెలకొల్పాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది విఠల్ మాల్యా ఆ సంస్థలో తొలి భారతీయ డైరెక్టరయ్యాడు. అప్పటికి సీసాలోని బీరుకూ చిలుంలోని గంజాయికీ చట్టంలో పెద్ద తేడా లేదు. రెండూ లైసెన్సు సరుకులే.

ఏడుగురి కమిషన్

ఈ ఏర్పాటును మొదట గట్టిగా ప్రశ్నించింది లండన్‌లోని మద్యవ్యతిరేక ఉద్యమకారులు. 1893 మార్చిలో విలియం స్ప్రాస్టన్ కేన్ అనే పార్లమెంటు సభ్యుడు గంజాయి వల్ల ప్రజల నైతికత, ఆరోగ్యం ఎంత చెడుతున్నాయో విచారించాలని కామన్స్ సభలో అడిగాడు. ఆ ఏడాదే భారత ప్రభుత్వం డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏడుగురితో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసింది. అందులో ముగ్గురు భారతీయులు. కమిషన్ రాష్ట్రాలు తిరిగి 1,193 మంది సాక్షులను విచారించి, స్వదేశీ సంస్థానాల సమాచారమూ తెప్పించుకుని, 1894లో నివేదిక ఇచ్చింది.

నివేదికలో నేటికీ చదవదగ్గ భాగం పిచ్చాసుపత్రుల లెక్క. గంజాయి తాగితే పిచ్చి పడుతుందన్నది అప్పటికి స్థిరపడిన నమ్మకం. రుజువుగా ఆసుపత్రుల వార్షిక పట్టికలు చూపేవారు. ఆ పట్టికలు ఎలా తయారయ్యాయో కమిషన్ తవ్వి చూసింది. రోగిని ఆసుపత్రికి పంపే కాగితంలో ‘కారణం’ అని ఒక గడి ఉండేది. వీధిలో దొరికిన మనిషి పూర్వాపరాలు పోలీసుకు తెలియవు, గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. దాంతో గంజాయి అని రాసేవారు. ఆసుపత్రి గుమాస్తా దాన్నే పట్టికలోకి ఎక్కించేవాడు. ఏడాది చివర అది గణాంకమయ్యేది. 1892లో చేరిన 1,344 మందిలో గంజాయి పేరున నమోదైనవారి సంగతిని కమిషన్ ఒక్కొక్కటిగా తిరగేస్తే, గంజాయితో ముడిపెట్టదగినవి 98 మాత్రమే తేలాయి. వాటిలోనూ వేరే కారణమేదీ కనిపించనివి 61.

మితంగా వాడేవారికి పెద్దగా కీడు లేదనీ, అతిగా వాడితే కీడు తప్పదనీ కమిషన్ తేల్చింది. పూర్తి నిషేధం అక్కర్లేదంది. నిషేధిస్తే సాధువులు, పేదలు కష్టపడతారనీ, జనం అంతకన్నా చెడ్డ మత్తులకు మళ్లుతారనీ హెచ్చరించింది. సుంకం పెంచాలి, సాగును కొన్నిచోట్లకే పరిమితం చేయాలి, దుకాణాలు తగ్గించాలి అన్నది దాని సలహా. నియంత్రించిన అనుమతి అని నేటి వాదులు అంటున్నది దాదాపు ఇదే. అయితే ఆ కమిషన్ వేసిన ప్రభుత్వానికి గంజాయి మీద రాబడి ఉందన్న సంగతినీ పక్కన పెట్టి చదవకూడదు.

బెంగళూరులోనూ పంతొమ్మిదో శతాబ్దం మధ్యలోనే పిచ్చాసుపత్రి వెలిసింది. అది తర్వాత మైసూరు ప్రభుత్వ మానసిక వైద్యశాలగా మారి, 1930లలో లక్కసంద్ర చేరి, 1974లో నింహాన్స్ అయింది. గడిలో గంజాయి అని రాసి వదిలేసే పద్ధతి పోయి, వ్యసనాన్ని రోగంగా చూసి వైద్యం చేసే ప్రత్యేక విభాగం నేడు అక్కడ నడుస్తోంది.

ఒప్పందం తెచ్చిన నిషేధం

స్వాతంత్ర్యం తర్వాత నిషేధానికి నైతిక బలం వచ్చింది. రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాలనూ ఆరోగ్యానికి హాని చేసే మత్తుమందులనూ వైద్యావసరాలకు తప్ప నిషేధించేందుకు ప్రభుత్వాలు కృషి చేయాలని నిర్దేశించింది. మందూ మాదకమూ అక్కడ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆచరణలో మాత్రం దారులు చీలాయి.

మద్యం సంగతి రాష్ట్రాల చేతిలో ఉండటంతో ఓట్లను బట్టి, ఖజానాను బట్టి ఊగింది. గంజాయి సంగతి ఐక్యరాజ్యసమితి దాకా పోయింది. 1961 నాటి ఏకీకృత ఒప్పందం నల్లమందు, కొకెయిన్ వరసలోనే గంజాయినీ చేర్చింది. భారత్ సంతకం చేసింది కానీ, తరాలుగా ఉన్న వాడకాన్ని ఆపడానికి 25 ఏళ్ల గడువు అడిగి తీసుకుంది. పూత, కాయ కొనలు మాత్రమే ‘కన్నబిస్’ అనీ, వాటితో కలవని ఆకు, గింజ కాదనీ ఆ ఒప్పందమే నిర్వచించింది. అనాదిగా భాంగు తాగే దేశానికి ఆ నిర్వచనం పెద్ద వెసులుబాటు.

గడువు ముగుస్తుండగా, 1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఎన్డీపీఎస్ చట్టం తెచ్చింది. ఆ ఏడాది నవంబరు 14 నుంచి అది అమల్లోకి వచ్చింది. 1857, 1878 నాటి నల్లమందు చట్టాలు, 1930 నాటి డేంజరస్ డ్రగ్స్ చట్టం రద్దయ్యాయి. పాత చట్టం గంజాయి మొక్క ఆకులనూ కలుపుకొంటే, కొత్త చట్టం ఒప్పందం గీసిన గీతనే నడిపించి పువ్వునే పట్టుకుంది. భాంగు సంగతి రాష్ట్రాల అబ్కారీ చట్టాలకు మిగిలింది. అబ్కారీ శాఖ లైసెన్సు మీద అమ్మిన గంజాయి ఇప్పుడు పోలీసు కేసు.

శిక్షలు మొదట్లో పరిమాణంతో నిమిత్తం లేకుండా ఉండేవి. 2001 సవరణ మెట్లు పెట్టింది. గంజాయి కిలో దాకా ‘స్వల్ప పరిమాణం’, 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. మొదటి మెట్టుకు శిక్ష నేడు గరిష్ఠంగా ఏడాది. చివరి మెట్టుకు కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై, పైగా బెయిలు దొరకడం గగనం. అందుకే ఈ కేసుల్లో తూకమే ప్రాణం. పంచనామా రోజు పోలీసులు గోనెసంచి విప్పితే లోపల ఎండుటాకు, కాడ, గింజ, పూత అన్నీ కలిసి ఉంటాయి. అంతా కలిపి తూస్తే 22 కిలోలు. ఆకు, కాడ ఏరి పారేసి పూతను మాత్రమే తూస్తే 20 లోపు రావచ్చు. మధ్యలో ఉన్న తేడా ఒక మనిషి జీవితంలో పదేళ్లు. వేరుచేసి తూచారా లేదా అన్న ప్రశ్న హైకోర్టుల బెయిలు విచారణల్లో పదేపదే వినిపించేది ఇందుకే.

సారా ఇచ్చిన సాక్ష్యం

గంజాయి నిషేధంపై వాదించే రెండు పక్షాలూ బెంగళూరులో సారా కథను సాక్ష్యానికి పిలుస్తాయి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు విశాల మైసూరులోకి (నేటి కర్ణాటక) బొంబాయి, మద్రాసుల నుంచి మద్యనిషేధం ఉన్న జిల్లాలు, హైదరాబాదు నుంచి మద్యం అమ్మే జిల్లాలు కలిసి వచ్చాయి. ఒకే రాష్ట్రంలో రెండు పద్ధతులు పొసగలేదు. దొంగసారా పెరిగింది, రాబడి పోయింది. 1967లో ప్రభుత్వం నిషేధాన్ని వదిలి మళ్లీ అబ్కారీ లైసెన్సుల దారి పట్టింది.

1981 జులైలో బెంగళూరు పేదవాడల్లో మిథైల్ ఆల్కహాలు కలిసిన కల్తీసారా తాగి 300 మందికి పైగా చనిపోయారు. అప్పటికి సారా అమ్మకం చట్టబద్ధమే. ఆంధ్రలో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో రగులుకున్న సారా వ్యతిరేకోద్యమం 1995 జనవరిలో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించేదాకా పోయింది. రెండేళ్లకే, 1997లో, చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. కర్ణాటక 2007 జులై 1 నుంచి సారాను నిషేధించింది. సీసా మద్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఏడాది తిరగకముందే, 2008 మేలో, బెంగళూరు శివార్లు, కోలారు, పొరుగున తమిళనాడు కృష్ణగిరి ప్రాంతాల్లో కల్తీసారా 150 మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఈ రెండు విషాదాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి సారా చట్టబద్ధమైన రోజుల్లో జరిగింది, మరొకటి నిషేధం రోజుల్లో. లైసెన్సు ఉన్నంత మాత్రాన సరుకు శుభ్రమవదు, నిషేధం ఉన్నంత మాత్రాన గిరాకీ చావదు. రెండుసార్లూ చచ్చింది రోజుకూలీలే. ఖరీదైన సీసా కొనగలవాడికి ఏ చట్టమూ అడ్డు కాలేదు.

కొండ నుంచి నగరానికి

1985 తర్వాత లైసెన్సు సాగు పోయింది కానీ సాగు పోలేదు. అది గోదాములున్న మైదానం వదిలి రోడ్డు లేని కొండలెక్కింది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దుల్లోని పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, సీలేరు ప్రాంతాలు దేశానికే పెద్ద గంజాయి వనరుగా పేరుపడ్డాయి. అక్కడి ‘శీలావతి’ రకానికి బయట మంచి ధర. ఎండిన సరుకును అదిమి, ప్యాకెట్లు కట్టి, వాసన రాకుండా టేపు చుట్టి రైళ్లలో, లారీల్లో పంపుతారు. చేరే నగరాల్లో బెంగళూరు, హైదరాబాదు, చెన్నై ముఖ్యమైనవి. కొండ మీద గిరిజన రైతుకు దక్కేది నగరంలో పలికే ధరలో చిన్న ముక్క. పట్టుబడేది మాత్రం తరచూ ఆ రైతో, మోసుకొచ్చే కూలీయో.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో ఆపరేషన్ పరివర్తన చేపట్టి ఏడువేల ఎకరాలకు పైగా తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పట్టుబడిన సరుకు రెండు లక్షల కిలోలను కుప్పపోసి తగలబెట్టారు. రైతులకు కాఫీ, మిరియం, పసుపు వంటి పంటలు చూపారు. సాగు కొంత తగ్గి, కొంత సరిహద్దు దాటి ఒడిశా వైపు జరిగింది. ఇదే కాలంలో బెంగళూరులో ఎండీఎంఏ, ఎల్ఎస్డీ వంటి రసాయన మత్తులు కొరియరు పొట్లాల్లో వచ్చిపడ్డాయి. వాటికి పొలం అక్కర్లేదు, వాసన రాదు, గోనెసంచి పని లేదు. పోలీసుకు గంజాయి కన్నా కష్టం, వాడేవాడికి గంజాయి కన్నా ముప్పు. నిషేధం జనాన్ని మరింత చెడ్డ మత్తుకు నెడుతుందన్న 1894 హెచ్చరికను అనుమతివాదులు గుర్తుచేసేది ఇక్కడే.

హైకోర్టు మెట్ల మీద భాంగు

2022 జూన్‌లో బెంగళూరు బేగూరు పోలీసులు ఒక వ్యక్తి దగ్గర 29 కిలోల భాంగు, 400 గ్రాముల గంజాయి పట్టుకుని ఎన్డీపీఎస్ కేసు పెట్టారు. ఆగస్టులో కర్ణాటక హైకోర్టు అతనికి బెయిలు ఇచ్చింది. భాంగును ఉత్తరాదిలో శివాలయాల దగ్గర లస్సీ దుకాణాల్లో కూడా అమ్ముతారనీ, అది గంజాయి ఆకుతో చేసిందే తప్ప చరస్, గంజాయిలతో చేసిందని చూపే ఆధారం లేదనీ, ఆకు ఎన్డీపీఎస్ నిర్వచనంలో లేదనీ కోర్టు వివరించింది. పంజాబ్ హరియాణా, బాంబే హైకోర్టుల పాత తీర్పులూ ఇదే చెప్పాయి. మిగిలిన 400 గ్రాములు స్వల్ప పరిమాణమే. 29 కిలోలు పక్కకు పోయాయి, 400 గ్రాములే కేసుగా నిలిచాయి.

చట్టం మార్చాలనేవారి వాదన ఈ అసమానత నుంచే మొదలవుతుంది. గ్రేట్ లీగలైజేషన్ మూవ్‌మెంట్ ఇండియా ట్రస్ట్ గంజాయి నిషేధాన్ని సవాలు చేస్తూ 2019లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘం గంజాయిని అతి ప్రమాదకరమైనవాటి పట్టిక నుంచి 27–25 ఓట్లతో తప్పించినప్పుడు భారత్ తప్పించాలనే ఓటేసింది. టీహెచ్‌సీ తక్కువున్న నార గంజాయి (హెంప్) రకం సాగుకు ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సులు మొదలుపెట్టింది. కెనడా 2018లో, జర్మనీ 2024లో పెద్దల వాడకాన్ని అనుమతించాయి. 2022లో తలుపులు తెరిచిన థాయ్‌లాండ్ మూడేళ్లకే వైద్యుడి చీటీ ఉండాలంటూ వెనక్కి తగ్గింది.

నిషేధం ఉండాలనేవారి వాదన తేలికైంది కాదు. నేటి గంజాయి రకాల్లో టీహెచ్‌సీ పాత రకాలకన్నా ఎక్కువ. చిన్న వయసులో మొదలుపెట్టి విపరీతంగా వాడేవారికి మానసిక రోగాల ముప్పు ఉందని వైద్యులు ఒప్పుకుంటారు. అన్నిటికీ మించి, లైసెన్సు మద్యం చేసిన హాని కళ్ల ముందే ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు. భాంగుతో సహా గంజాయి రకాలు వాడేవారు సుమారు 3.1 కోట్లు. వారిలోనూ భాంగు వాడేవారు 2.2 కోట్లు, గంజాయి, చరస్ వాడేవారు 1.3 కోట్లు; రెండూ వాడేవారు రెండు లెక్కల్లోనూ ఉన్నారు. అమ్మకానికి అనుమతిస్తే చిన్న సంఖ్య పెద్ద సంఖ్య వైపు నడవదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఈ రెండు వాదనల మధ్య మూడో దారి చట్టంలోనే ఉంది. ఎన్డీపీఎస్ 64ఎ సెక్షన్ ప్రకారం స్వల్ప పరిమాణంతో దొరికిన వ్యసనపరుడు చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. లక్కసంద్రలోని నింహాన్స్‌లో వైద్యం చేసే చేతులున్నాయి, చట్టంలో అక్కడికి పంపే సెక్షన్ ఉంది. అయినా పట్టుబడినవాడు ముందు చూసేది స్టేషనే. 1894 కమిషన్ గంజాయి ఎంత చెడ్డదని మాత్రమే అడగలేదు, ఆపితే ఏమవుతుందని కూడా అడిగింది. ఆ రెండో ప్రశ్నకు లెక్కలతో జవాబు వెతికే పని ఇంకా మిగిలే ఉంది. పార్లమెంటు నిర్వచనం మార్చేదాకా బెంగళూరులో చట్టం ఇదే: పువ్వు కేంద్ర చట్టం కింద నేరం, ఆకు రాష్ట్ర అబ్కారీ కింద సరుకు.